అప్పగింతకును తూకము వలయును

శిబిచక్రవర్తి కథ నెఱుగని యిల్లు మన దేశమున లేదు. డేగకు భయపడి యొక పావురము రాజు నొడిలో వ్రాలినది. వెంట వచ్చిన డేగ తన యాహారమును తన కిమ్మని యడిగినది. శరణాగతరక్షణమునకు నిదర్శనముగా నీ కథను చెప్పుకొనుట మన కలవాటు. కాని యిందు మఱియొక విశేషము కలదు. రాజు డేగ మాటను త్రోసిపుచ్చలేదు. ఆకలిగొన్న దాని కోరికయు న్యాయమైనదే యని యొప్పుకొనెను. పావురమును వెంటనే విడువలేదు, డేగను కసరి తఱుమలేదు, త్రాసు తెప్పించెను. ఒక వైపున శరణుజొచ్చిన ప్రాణిని, రెండవ వైపున కోరువాని హక్కును ఉంచి తూచిన పిమ్మటనే తన ధర్మమును నిర్ణయించుకొనెను. నేరారోపణము పొందినవారి నొక దేశము వేఱొక దేశమున కప్పగించు విషయమున నేటి శాసనములకు గల చిక్కంతయు నీ త్రాసునకు సంబంధించినదే. త్రాసు కలదా? కలదేని యది యెవరి చేతిలో నున్నది? ఈ రెండు ప్రశ్నలను గూర్చి మా యభిప్రాయమును నేడు పాఠకుల యెదుట నుంచదలచితిమి.

మొదటనే యొక మాట స్పష్టము చేయుచున్నాము. అప్పగింత యను పద్ధతికి మేము విరోధులము కాము. ఒక యూర కన్నము వేసి, యేఱు దాటి, ప్రక్క యూర నిర్భయముగా తిరుగువానిని పట్టి యిచ్చుట యా యూరి పెద్దలకు విధి యైనట్లే దేశములకును విధియే. బ్యాంకుల సొమ్ము మ్రింగి విమాన మెక్కినవానికిని, నడివీధిలో బాంబులు ప్రేల్చి సముద్రము దాటినవానికిని సరిహద్దురేఖ కవచము కాగూడదు. అందులకే దేశములు తమలో తాము ఒడంబడికలు చేసికొన్నవి. భారతప్రభుత్వమునకు నేడు నలువదికి మించిన దేశములతో నట్టి యొడంబడికలు కలవు. ఇవి యుండుట మంచిది. ఇంకను పెరుగుట మంచిది. కాని యొడంబడిక యున్నంతమాత్రమున, కోరిన ప్రతి మనిషిని, కోరిన ప్రతి నేరమునకును, కోరిన తోడనే పంపవలసినదే యనువారితో మే మేకీభవింపజాలము.

ఏలయన, అప్పగింత విచారణకు ముందు జరుగు చిన్న తతంగము కాదు. అదియే యొక శిక్ష. నేరము చేసెనో లేదో యింకను తేలని మనిషిని పట్టుకొందురు. పాఱిపోవునను భయమున జామీను నిరాకరించుటయు కలదు. నెలలు, ఒక్కొక్కప్పు డేండ్లు, చెఱసాలలో గడచును. ఉద్యోగము పోవును, వ్యాపారము మూతపడును, బడికి పోవు బిడ్డలు దిక్కులేనివారగుదురు. పిమ్మట వేలకొలది మైళ్ల దూరమున, పూచీ నిలుచు బంధువు గాని, తన భాష నెఱిగిన వకీలు గాని లేని చోట నతనిని దింపుదురు. తుదకు నిర్దోషి యని తేలినను ఈ నష్టమును పూడ్చువారు లేరు.

మన రైతులకు బందెలదొడ్డి సంగతి తెలియనిది కాదు. పొరుగువాని దూడ చేలో పడి నాలుగు వెన్నులు కొఱికినచో నష్టము రాబట్టుకొనుట న్యాయమే. కాని యా దూడను పది క్రోసుల దూరపు దొడ్డికి తోలి, బందె రుసుము, మేత ఖర్చు, తిరుగుడు ఖర్చు అన్నియు కలిసి దూడ వెలకు మించునట్లు చేసినవానిని ఊరివారు న్యాయవంతుడనరు, పగబట్టినవాడందురు. పోయిన వెన్నుల విలువ యెంత, వసూలు చేయు విధానమువలన కలుగు నష్ట మెంత యని పోల్చి చూచుటయే తారతమ్యవిచారము. నేరమును, దానికి రాదగిన శిక్షను ఒక పళ్లెములోను, అప్పగింతవలని బాధను రెండవ పళ్లెములోను ఉంచవలెను. బాధయే మిక్కిలి బరువై క్రుంగినచో నా యప్పగింత యన్యాయము. మేము చెప్పదలచిన సిద్ధాంత మింతే.

ఇది యేదో పాశ్చాత్యులు నిన్న మొన్న కనిపెట్టిన వింత కాదు. కఠినముగ దండించు రాజునకు ప్రజలు భయపడుదురనియు, మెత్తగ దండించువాడు చులకన యగుననియు, తగినట్లు దండించువాడే గౌరవము పొందుననియు కౌటిల్యు డెన్నడో చెప్పియున్నాడు. ఆంగ్లేయ శాసనకర్తలును దీని నెఱుగకపోలేదు. 1881లో బ్రిటిషు పార్లమెంటు, తన సామ్రాజ్యమున నొక భాగమునుండి మఱియొక భాగమునకు పాఱిపోయినవారిని తిరిగి పంపుటకై యొక శాసనము చేసినది. అందలి 10వ సెక్షను గుర్తుంచుకొనదగినది. వ్యవహార మల్పమైనదగుటచే గాని, కోరిక సద్భావముతో న్యాయముకొఱకు చేయబడినది కాకుండుటచే గాని, మఱియే కారణముచే గాని, దూరమును, రాకపోకల సౌకర్యములను, తక్కిన పరిస్థితులను అన్నిటిని చూచినమీదట, పంపుట యన్యాయమనియో, పీడనమనియో, మితిమీఱిన శిక్ష యనియో తోచినచో, పై న్యాయస్థాన మా మనిషిని విడిచిపెట్టవచ్చును. లేదా కొంతకాలము పంపకుండ నాపవచ్చును. పంపుటయే యొక శిక్ష కావచ్చునని యా శాసన మొప్పుకొన్నదని పాఠకులు గమనింపవలెను. త్రాసును న్యాయమూర్తి చేతికే యిచ్చినదనియు గమనింపవలెను.

ఆ త్రాసు మనవారి కెంతవఱకు పనికివచ్చినదో చూతము. 1909 డిసెంబరు 21వ తేదీన నాసికు కలెక్టరు జాక్సను హత్య చేయబడెను. 1910 మార్చి 13న లండనులోని విక్టోరియా స్టేషనున వినాయక దామోదర సావర్కరు నరెస్టు చేసిరి. ఆయనపై మోపిన యారోపణములు గంపగుత్తవి. చక్రవర్తిపై యుద్ధము, కుట్ర, ఆయుధములు సేకరించి పంపుట, హత్యకు తోడ్పడుట, వానితోపాటు 1906లో హిందూదేశమునను, 1908, 1909లలో లండనునను చేసిన రాజద్రోహ ప్రసంగములు. బొంబాయిలో నాయనకొఱకు కాచుకొనియున్నది జ్యూరీ లేని, అప్పీలు లేని, ముగ్గురు న్యాయమూర్తుల ప్రత్యేక న్యాయస్థానము. అట్టి చోటికి పంపుట పీడనమగునని 10వ సెక్షను నాశ్రయించి చేసిన వాదము లండను కోర్టులలో నెగ్గలేదు. మే 12న మేజిస్ట్రేటు పంపవలసినదే యనెను. పై కోర్టులును నట్లే యనెను. జూలై 1న నాయనను మోరియా యను నోడ నెక్కించిరి.

జూలై 8న నోడ మార్సేల్సు రేవున నిలిచియుండగా, సావర్కరు కిటికీ గుండ సముద్రమున దూకి, యీది, ఫ్రెంచి నేలను త్రొక్కెను. అచ్చటి ఫ్రెంచి పోలీసు పట్టుకొనగా, ఓడనుండి వచ్చినవారు కలిసికొని యాయనను తిరిగి యోడకు కొనిపోయిరి. ఏ మేజిస్ట్రేటును అడిగినది లేదు. ఏ విచారణయు జరిగినది లేదు. నిమిషములలో నప్పగింత ముగిసినది. ఫ్రెంచి ప్రభుత్వము తరువాత మేల్కొని యాయనను తిరిగి యిమ్మని కోరినది. తగవు హేగు నగరమున మధ్యవర్తుల యెదుటకు పోయినది. 1911 ఫిబ్రవరి 24న తీర్పు వెలువడెను. పట్టి యిచ్చుటలో క్రమభంగము జరిగిన మాట నిజమే గాని, దానివలన ఖైదీని తిరిగి యీయవలసిన విధి బ్రిటిషువారికి లేదని వా రనిరి. అప్పటికే 1910 డిసెంబరు 24న నొకటి, 1911 జనవరి 30న నొకటి, రెండు ద్వీపాంతరవాస శిక్షలు, మొత్త మేబది యేండ్లు, ఆయనకు విధింపబడియుండెను.

ఆయన తరువాతి రాజకీయములను గూర్చి యెవరి యభిప్రాయము వారిది. మాకిచ్చట కావలసినది న్యాయప్రశ్న మాత్రమే. హత్యకు తోడ్పడెనను నారోపణ మల్పమైనదని మే మనజాలము. సాక్ష్యమున్నచో విచారణ జరుగవలసినదే. కాని నాలుగేండ్ల నాటి ప్రసంగములను నా హత్యారోపణముతో నొకే మూటలో గట్టి, లండనులో నాడిన మాటలకు సైతము జ్యూరీ లేని చోటికి పంపుట తూచి చేసిన పని కాదు. దీనివలన మనకు మూడు పాఠములు కలవు. ఆరోపణములను వేఱువేఱుగ తూచవలెను. పెద్దదాని నీడలో చిన్నవానిని దాటింపరాదు. మనిషి యే నేరమునకు పోవుచున్నాడనుటతోపాటు, ఏ న్యాయస్థానమునకు, ఏ చెఱసాలకు పోవుచున్నాడో చూడవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, అప్పగింత వెనుకకు మరలింపరానిదని యెఱుగవలెను. హేగులో కూర్చున్న యైదుగురు పండితులు క్రమభంగమని యొప్పుకొనియు మనిషిని తిరిగి తేలేకపోయిరి. కావున తూచుట యోడ కదలక మునుపే జరుగవలెను.

పరాయి నేలపై తలదాచుకొనుట యనగా నేమో మన పెద్దల కెఱుకయే. ఫ్రెంచివారి పుదుచ్చేరి 1908లో సుబ్రహ్మణ్య భారతికిని, 1910లో నరవిందునకును నీడ నిచ్చినది. 1947, 1948 సంవత్సరములలో నిజాము రాష్ట్రమున రజాకార్ల దౌర్జన్యములకు తాళలేక తెలంగాణ ప్రజలు వేలకొలది బెజవాడ ప్రాంతమునకు తరలివచ్చిరి. ఆ దినములలోనే యచ్చటి సత్యాగ్రహులు కల్లుచెట్లు నఱికి సర్కారు నాజ్ఞను ధిక్కరించిరి. వలస వచ్చినవారిలో నొకనిని, చెట్టు నఱికిన నేరమునకు తిరిగి పంపుమని నిజాము సర్కారు కోరెననుకొందము. నేరము నేరమే, సాక్ష్యము సాక్ష్యమే; అయినను అతనిని పంపదగునని మన పెద్దలలో నెవ్వ రనియుందురు? నేరము చట్టపు మాటలకు సరిపోయినంతమాత్రమున నప్పగింత న్యాయము కానేరదనుట కీ యూహ యొక్కటియే చాలును.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1881 శాసనము మన దేశమున నెక్కువకాలము నిలువలేదు. సింగపూరువారు కోరిన యొక దంపతులను మద్రాసులో పట్టుకొనగా, ఆ శాసనము క్రింద వారిని పంపుట చెల్లదని మద్రాసు హైకోర్టు చెప్పెను. 1954లో సుప్రీముకోర్టు నట్లే నిర్ణయించెను. పిమ్మట 1962లో మన పార్లమెంటు మన సొంత శాసనమును చేసినది. అందు మంచి లేదని మే మనము. రాజకీయ స్వభావము గల నేరమున కప్పగింత లేదు. కాలదోషము పట్టినదానికి లేదు. ఏ నేరమునకై యప్పగించిరో దానిని వదలి వేఱొక పాత నేరమునకు విచారించుటకు వీలులేదు. 29వ సెక్షనులో పాత 10వ సెక్షను మాటలు కొన్ని ప్రతిధ్వనించుచున్నవి. వ్యవహార మల్పమగుటచే గాని, సద్భావము లేకుండుటచే గాని, న్యాయమున కనుగుణము కాకుండుటచే గాని, రాజకీయ కారణములచే గాని, పంపుట యన్యాయమని యైనను ఉచితము కాదని యైనను తోచినచో నే దశయందైనను ఆపి, మనిషిని విడిచిపెట్టవచ్చును. కాని తోచవలసిన దెవరికి? పాత శాసనమున న్యాయస్థానమునకు. క్రొత్త శాసనమున కేంద్రప్రభుత్వమునకు! పరాయి దొర వ్రాసిన చట్టమున న్యాయమూర్తి చేతిలో నున్న త్రాసు, మనము మన చేతితో వ్రాసికొన్న చట్టమున మంత్రిగారి బల్లమీదికి పోయినది. దూరమును గూర్చియు, మితిమీఱిన శిక్షను గూర్చియు నుండిన పాత మాటలు సైతము త్రోవలో జారిపోయినవి.

మేజిస్ట్రేటు చేయు విచారణ యెట్టిదో చూడుడు. కోరబడిన మనిషి యితడేనా, నేర మప్పగింతకు వీలైనదేనా, మొదటి చూపునకు సాక్ష్యమున్నదా, రాజకీయ నేరము కాదుగదా యని యతడు పరిశీలించును. పరిశీలించి సర్కారునకు నివేదించును. వ్యవహార మల్పమని తోచినను ఆ కారణమున విడిచిపెట్టు నధికారమును శాసన మతనికి చెప్పి యీయలేదు. రిట్టుద్వారా హైకోర్టునకు పోవచ్చునుగదా యనువారు కలరు. నిజమే. కాని యచ్చట జరుగునది సర్కారు తన యధికారమును క్రమముగ వినియోగించినదా లేదా యను పరీక్షయే గాని, పళ్లెములు సరిచేసి మొదటినుండి తూచుట కాదు.

సర్కారే తూచిన నేమి యందురా? సర్కారు నిష్పక్షపాతముగ తూచజాలదు. ఇది యే యొక మంత్రివర్గముపైనను మేము చేయు నింద కాదు. సర్కారు నిలిచిన చోటే యట్టిది. రేపు మనము కోరు మనిషిని వా రీయవలెనన్న, నేడు వారు కోరు మనిషిని మన మీయవలెను. వర్తకపు టొడంబడికలు, ఆయుధముల కొనుగోళ్లు, వీసాల బేరములు అన్నియు నా బల్లమీదనే యుండును. శిబి తన మాంసమునే కోసి త్రాసున వేసెను. సర్కారు తన స్నేహములను కోసి వేయునా? పెద్ద దేశము చిన్న నేరమునకు మనిషిని కోరినప్పుడు కాదనుట దానికి కష్టము. చిన్న దేశము పెద్ద నేరమునకు కోరినప్పుడు కాలము జరుపుట సులభము. రెండును న్యాయమునకు ద్రోహమే. న్యాయమూర్తికి వర్తకముతో పని లేదు. పైగా నతడు తన తీర్పునకు కారణములు వ్రాయవలెను, వ్రాసి లోకము చదువుటకు విడువవలెను.

త్రాసు లేని పద్ధతి యెచ్చటికి పోవునో ఐరోపా చూపినది. 2002లో ఐరోపా యూనియను దేశములు, ఒక దేశపు న్యాయాధికారి వ్రాసిన వారంటును మఱియొక దేశపు న్యాయాధికారి నేరుగ నమలుజరుపు పద్ధతి నేర్పఱచుకొన్నవి. 2004 జనవరినుండి యది యాచరణమునకు వచ్చినది. నిందితుని విషయమున, సంవత్సరమువఱకైన శిక్ష వేయదగిన నేరమైన చాలును. ఘోరనేరస్థులను త్వరగ పట్టుకొనుట యుద్దేశము. కాని నేర మెంత చిన్నదైనను అభియోగము విడువరాదను నియమము పోలండు వంటి దేశములలో నుండుటచే చిల్లర దొంగతనములకును వారంటులు పోసాగినవి. అల్పనేరములకు వరుసగ వారంటులు పంపుటచే నీ పద్ధతిపై విశ్వాసము సడలుచున్నదని 2011లో ఐరోపా కమీషను తానే యొప్పుకొన్నది. ఇంగ్లండు 2014లో తన 2003 శాసనమునకు 21ఏ సెక్షనును చేర్చినది. దాని ప్రకారము ఐరోపా దేశములు కోరు నిందితుని విషయమున న్యాయమూర్తి మూడు సంగతులు చూడవలెను. నేర మెంత తీవ్రమైనది? ఋజువైనచో నెంత శిక్ష పడవచ్చును? అప్పగింతకంటె తక్కువ నిర్బంధముతో కోరు దేశము తన పని నెరవేర్చుకొనగలదా? చిల్లర దొంగతనము, కిటికీ యద్దము పగులగొట్టుట, స్వల్పమైన మోటారు నేరములు మొదలగువానికి సాధారణముగ మనిషిని పంపనక్కఱలేదని యచ్చటి ప్రధానన్యాయమూర్తి మార్గదర్శకము నొసంగెను.

తూకము నేరస్థులకు చుట్టమని భయపడువారు 2012 జూనులో ఇంగ్లండు సుప్రీముకోర్టు చెప్పిన యొక తీర్పును చూడవలెను. ఒకే తీర్పులో రెండు కుటుంబముల కథ కలదు. ఒకటి, మాదకద్రవ్యముల దొంగరవాణాలో ఇటలీలో శిక్షపడిన దంపతులది. వారికి ముగ్గురు పసిబిడ్డలు. రెండవది, పదేండ్లకు పూర్వపు చిన్న మోసములకై పోలండు కోరిన యొక తల్లిది. ఆమె కైదుగురు బిడ్డలు. మొదటివారి విషయమున బిడ్డలకు కలుగు నష్టమును కోర్టు కాదనలేదు. నేరము మిక్కిలి బరువైనదగుటచే పంపుమన్నది. తండ్రిని సైతము పంపుట విషయమున నొక న్యాయమూర్తి విభేదించుటయు జరిగినది. రెండవ కుటుంబమున నా తల్లిని పంపరాదని యందఱు నేకముగ ననిరి. బిడ్డల కన్నీరు రెండిండ్లలోను నొక్కటియే. నేరపు బరువు వేఱు. తూకమనగా నిదియే. అది యందఱిని విడిచిపెట్టదు, అందఱిని పంపనూ పంపదు.

కొన్నియెడల లోపమును షరతుచే సవరింపవచ్చును. అమెరికాలోని వర్జీనియాలో జంటహత్యల యారోపణముపై కోరబడిన యొక జర్మను యువకుని, మరణశిక్ష నెదురుచూచుచు నేండ్లతరబడి చెఱలో మ్రగ్గు స్థితికి పంపుట యమానుషమని 1989లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము తీర్పు చెప్పెను. మరణశిక్షకు తగిన యభియోగము నడుపమని హామీ వచ్చిన పిదప నతడు పంపబడెను, శిక్షయు పొందెను. మన యనుభవమును నట్టిదే. అబూ సలేమును పోర్చుగలునుండి తెచ్చుకొనుటకై, మరణశిక్ష గాని, ఇరువదియైదేండ్లకు మించిన చెఱ గాని యుండదని 2002 డిసెంబరులో మన ప్రభుత్వము మాట యిచ్చినది. 2005లో నతడు రప్పింపబడెను. ఆ మాటను ప్రభుత్వము నిలుపుకొనవలసినదే యని 2022 జూలై 11న మన సుప్రీముకోర్టు చెప్పెను. ఘోరమైన నేరము సయితము మితముగల హామీతో విచారణకు వచ్చినదనగా, తూకము న్యాయమునకు త్రోవ తెఱచునే గాని మూయదని స్పష్టము.

అయినను ఒక యాక్షేపణము మిగులును. వేలకోట్లు ముంచి లండనులో సుఖించువారికి ఈ తూకము మఱియొక సాకు కాదా యని మన పట్టణములలోని వర్తకులు, బ్యాంకులో సొమ్ము దాచుకొన్న గృహస్థులు అడుగుదురు. వారి కోపము న్యాయమైనది. కాని వేలకోట్ల మోసము నే త్రాసులో నుంచినను అల్పమని తేలదు. పాఱిపోయిన ఆర్థికనేరస్థులకై 2018లో మన పార్లమెంటు చేసిన శాసనమే నూఱుకోట్లను హద్దుగ నేర్పఱచినది. అదియు నొక తూకమే. మన కోరికలు పరదేశములలో వీగిపోవుటకు కారణము తారతమ్యవిచారము కాదు; మన చెఱసాలల దుస్థితియు, మన విచారణల జాప్యమును. 2025 ఫిబ్రవరి 28న లండను హైకోర్టు, పన్నుల యెగవేత కేసులో మనము కోరిన యొక ఆయుధవ్యాపార సలహాదారును పంప నిరాకరించినది. తీహారు చెఱసాలలో నతనిని బెదరించి సొమ్ము గుంజుటయు, హింసించుటయు జరుగు నపాయము నిజముగ కలదని వారు కారణము చెప్పిరి. ఇది మన మభిమానమునకు పోయి కొట్టివేయదగిన మాట కాదు. చెఱసాలను చక్కబఱచుకొన్నచో నా సాకు దానంతట తొలగును.

ఇక మన యింటి సంగతి. అమెరికా, ఆస్ట్రేలియా, ఇంగ్లండు, గల్ఫు దేశములలో తెలుగు కుటుంబములు లక్షలకొలది నివసించుచున్నవి. వివాహములు చెడినప్పు డిచ్చట కేసులు, అచ్చట ముద్దాయిలు. 1983లో పాత శిక్షాస్మృతికి చేర్చబడిన 498ఏ సెక్షను నేడు భారతీయ న్యాయసంహితలో 85వ సెక్షనుగ నున్నది, శిక్ష మూడేండ్లవఱకు. అమెరికాతో మనకు 1999నుండి యమలులోనున్న యొడంబడికకు, సంవత్సరమునకు మించిన శిక్షకు తగిన నేరమైన చాలును. అనగా శిక్ష కొలతను మాత్రమే చూచినచో నిట్టి కేసు ద్వారము దాటును. మా మాట నపార్థము చేసికొనవలదు. కట్నముకొఱకు భార్యను కొట్టినవానిని, చంపినవానిని ఎంత దూరమునుండియైనను రప్పింపవలసినదే. అది యల్పమని యనువాడు మనిషి కాడు. కాని మాటల తగవును, సామానుల తగవును పట్టుకొని యప్పగింతకు పరుగిడినచో నేండ్లు గడచును. విడువబడిన యా యాడుబిడ్డకు భరణము రాదు, విముక్తియు రాదు. ఆమెకు కావలసినది భరణపు డిక్రీ పరదేశమున చెల్లుట. ఇంగ్లండు, సింగపూరు, అరబ్బు ఎమిరేటులు మొదలగు దేశముల కోర్టు డిక్రీలు మన దేశమున చెల్లుటకు పరస్పరపు టేర్పాటు కలదు, అమెరికాతో లేదు. ఆ లోటును పూడ్చుటకు సర్కారు ప్రయత్నించినచో, నూఱు వారంటులు చేయలేని మేలు జరుగును. తక్కువ నిర్బంధముతో నెక్కువ న్యాయము కలుగునపుడు దానినే యెన్నుకొనుట తూకమునకు రెండవ పేరు.

కావున మేము కోరునది స్వల్పమే. 29వ సెక్షనులోని యధికారము న్యాయస్థానమునకు దక్కవలెను. మేజిస్ట్రేటు తూచవలెను, దానిపై హైకోర్టున కప్పీలుండవలెను. నేరపు తీవ్రత, రాదగిన శిక్ష, గడచిన కాలము, దూరము, కుటుంబస్థితి, తక్కువ నిర్బంధముతో పని జరుగు నవకాశము, పోవుచోట నున్న న్యాయస్థానము, చెఱసాల, ఇన్నియు శాసనమున వ్రాయబడవలెను. కోర్టు పంపుమన్నవానిని రాజ్యక్షేమముకొఱకు పంపకుండు నధికారము సర్కారునకు మిగులవచ్చును. కోర్టు పంపరాదన్నవానిని పంపు నధికారము మాత్రము సర్కారున కుండరాదు. మనము పరదేశములను కోరునపుడును నీ కొలతనే ముందుగ మనకు మనము పెట్టుకొనవలెను. చిల్లర కోరికలను తగ్గించుకొన్న దేశము పెద్ద కోరికను వినిపించినప్పుడు దానికి విలువ హెచ్చును.

1910లో త్రాసు న్యాయమూర్తి చేతిలో నున్నను అతడు తూచలేదు. అది యతని లోపము, దానిని చరిత్ర వ్రాసికొన్నది. నేడు మన దేశమున తూచదలచిన న్యాయమూర్తికి సైతము త్రాసు లేదు. ఇది మన లోపము, దీనిని మనమే దిద్దుకొనవలెను. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములనుండి పార్లమెంటున కూర్చున్న సభ్యులలో నొక్కరైన నీ సవరణమును పూనుకొందురని యాశించుచున్నాము. ఇందువలన నోట్లు రావు. విమానాశ్రయమున పూలమాలలు పడవు. కాని యొక సామాన్యుడు, పరాయి సర్కారు పంపిన కాగితమును చేతబట్టుకొని మన కోర్టు మెట్లెక్కిన నాడు, అతని మాటను విని తూచువా డొకడచ్చట నుండును.